పని అడగకుండా కంప్యూటరు అంటగడుతున్నారు

సంపాదకులు గారికి,

నమస్కారం.

నేను బెంగళూరు పీణ్య రెండో స్టేజిలో రేకు కోసి వంచే ప్రెస్ టూల్స్, పని ముక్కను కదలకుండా పట్టే జిగ్గులు, ఫిక్చర్లు డిజైన్ చేసిచ్చే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. మాది కదిరి దగ్గర పల్లె. అనంతపురంలో ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ రెండేళ్లు చదివి 1996లో ఈ ఊరొచ్చాను. మీ పత్రిక బెంగళూరు ఎడిషన్ మా ఆఫీసుకు రోజూ వస్తుంది. కాలేజీలు తెరిచే ముందు ఏ కోర్సులో చేరాలి, ఏ కాలేజీ మంచిది అని మీరు పేజీలకు పేజీలు ఇస్తారు. నేను ఒక్కటీ వదలకుండా చదువుతాను. మెకానికల్, సివిల్, టూల్ డిజైన్ నేర్చుకునే పిల్లలకు ఎలాంటి కంప్యూటరు కావాలి, అది ఎంతలో వస్తుంది అన్న సంగతి మాత్రం వాటిల్లో నాకు ఎప్పుడూ కనపడలేదు. అది తెలియక మా ఇంట్లో ఎంత డబ్బు పోయిందో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవైంది, ఓపికగా చదవండి.

మా అన్న కొడుకు పాలిటెక్నిక్ పూర్తిచేసి 2025 ఏప్రిల్‌లో ఇక్కడ ఒక ట్రైనింగ్ సెంటర్లో టూల్ డిజైన్ కోర్సులో చేరాడు. ఫీజు కట్టిన రోజే వాడి చేతిలో ఒక కాగితం పెట్టారు. అందులో ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ మోడల్ నంబరు, దాన్ని అమ్మే షాపు పేరు, ధర 1,18,000 రూపాయలు అని ఉన్నాయి. ఇది లేకపోతే పిల్లాడు క్లాసులో వెనకబడతాడని మా అన్నకు చెప్పారు. మా అన్నకున్నది నాలుగెకరాల వేరుశనగ చేను. ఆ ఏడు వానలు ఎట్లా ఉంటాయోనని అప్పటికే టెన్షన్‌లో ఉన్నాడు. అయినా వదిన గాజులు తాకట్టు పెట్టి ల్యాప్‌టాప్ కొనిచ్చారు. అదే పనిలో ఇన్నేళ్లుగా ఉన్న చెల్లెలిని నన్ను అడగలేదు. సెంటర్ వాళ్లే చెప్పాక ఇంక అడిగేదేముంది అనుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. డాక్టరు చీటీ రాసిస్తే మనం మందుల పేర్ల మీద వాదన పెట్టుకోం కదా.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం దాసరహళ్లిలో మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మొహంలో కళ లేదు. ఏమైందిరా అంటే, "స్క్రీన్ మీద గీసిన మోడల్ తిప్పితే నిలబడిపోతోంది అత్తా. సార్ నాలుగు స్టెప్పులు ముందుకు పోతారు, నాది ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. నాకే చేతకావడం లేదేమో" అన్నాడు. ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. మరుసటి రోజే ల్యాప్‌టాప్ తీసుకుని ఆఫీసుకు రమ్మన్నాను.

మేం ఒక కస్టమర్ కోసం చేసిన ప్రోగ్రెసివ్ డై, అంటే రేకును దశలవారీగా కోసి వంచే టూలు ఒకటి ఉంది, 240 పార్టులు కలిపిన అసెంబ్లీ. దాన్ని వాడి ల్యాప్‌టాప్‌లో సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మొత్తం రీబిల్డ్ కొట్టించాను, అంటే మోడల్‌ను మొదటినుంచి మళ్లీ లెక్కించి కట్టమన్నాను. మొదటిసారి 38 సెకన్లు పట్టింది. అరగంట పనిచేయించి మళ్లీ కొట్టిస్తే నిమిషం దాటింది. ఫ్యాన్లు మిక్సీలా అరుస్తున్నాయి, కీబోర్డు పైభాగం మీద వేలు పెట్టలేకపోయాం. అంత పలచని డబ్బాలో వేడి బయటికి పోయే దారి లేక ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటోంది. ఇంకా రెండు లోపాలు కనపడ్డాయి. 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కుగా వేశారు. రెండు ఎనిమిదులు వేసుంటే డేటా రెండు దారుల్లో నడిచేది. ఇక ఈ రకం ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ రెండు ఉంటాయి, ప్రాసెసర్‌లో కలిసి ఉండేది ఒకటి, విడిగా పెట్టిన చిప్పు ఒకటి. సాలిడ్‌వర్క్స్ మొదటిదాని మీదే నడుస్తోంది. ఏ చిప్పు కోసం అంత డబ్బు పోశారో ఆ చిప్పు రెండు నెలలుగా ఖాళీగా ఉంది. సెట్టింగ్ మార్చాక మోడల్ తిప్పడం బాగానే మెరుగైంది. రీబిల్డ్, వేడి మాత్రం అట్లాగే ఉన్నాయి. ఆ సెట్టింగ్ మార్చుకోవాలని ఈ రెండు నెలల్లో వాడికి చెప్పిన మనిషి లేడు.

ఇక్కడ అసలు విషయం చెప్పాలి. డిజైన్ పనికి కంప్యూటరు ఎక్కడ కష్టపడుతుందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. మా పనిలోని ఉదాహరణతోనే చెప్తాను. ప్రోగ్రెసివ్ డైలో రేకు స్టేషన్ తర్వాత స్టేషన్ జరుగుతుంది. మొదటి స్టేషన్లో పైలట్ హోల్ అనే గుర్తు రంధ్రం పడాలి, ఆ హోలు ఆధారంగా తర్వాతి స్టేషన్లో రేకు కుదురుకోవాలి, ఆఖర్న బ్లాంకింగ్, అంటే రేకు నుంచి పార్టును కోసి విడదీయడం జరగాలి. పదిమంది మనుషుల్ని నిలబెట్టినా ఆఖరి స్టేషన్ పని ముందు జరగదు. సాలిడ్‌వర్క్స్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఒక పార్టు కట్టే తీరు కూడా ఇంతే. ముందు స్కెచ్, దాన్ని మందంగా లేపే ఎక్స్‌ట్రూడ్, దాని అంచును గుండ్రం చేసే ఫిల్లెట్, ఆ ముఖం మీద హోలు. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన వరస. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగాన్ని కోరు అంటారు. కాబట్టి రీబిల్డ్‌లో ఎక్కువ భాగం ఒక్క కోరు మీదే నడుస్తుంది. పదహారు కోర్లున్నా మిగిలిన పదిహేను చేతులు కట్టుకుని చూస్తుంటాయి. అందుకే మా పనికి కోర్లెన్ని అన్నదానికంటే ఒక్క కోరు ఎంత వేగంగా నడుస్తుంది, ఆ వేగం మధ్యాహ్నం మూడింటికి కూడా తగ్గకుండా ఉంటుందా అన్నది ముఖ్యం.

కోర్లు పనికొచ్చే పనులు వేరే ఉన్నాయి. ఫొటో లాంటి బొమ్మ తీసే రెండరింగ్ అన్ని కోర్లనూ వాడుకుంటుంది. లోడు పడితే ఎక్కడ విరుగుతుందో చూసే ఎనాలిసిస్ కోర్లతో పాటు ర్యామ్‌నూ బాగా తింటుంది. అవి చేసేవాళ్లు ఎక్కువ కోర్లకు డబ్బు పెట్టాల్సిందే. టూల్ డిజైన్ కోర్సులో మొదటి ఏడాది పిల్లాడికి ఆ అవసరం రాదు.

గ్రాఫిక్స్ కార్డు సంగతికొస్తే అక్కడే ఎక్కువ మంది మోసపోతున్నారు. గేమింగ్ కార్డులు సాలిడ్‌వర్క్స్‌లో పనిచేయవని నేను అనను, పనిచేస్తాయి. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పరీక్షించి సరే అన్న కార్డులు, డ్రైవర్ల జాబితా వేరే ఉంది. సాలిడ్‌వర్క్స్ వాళ్ల సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. గేమింగ్ కార్డులు ఆ జాబితాలో ఉండవు. దాంతో మోడల్‌ను నిజం లోహంలా చూపే రియల్‌వ్యూ లాంటివి రావు, ఒక్కోసారి అంచుల గీతలు మాయమవుతాయి, కారణం తెలియదు. జాబితాలో ఉన్న వాటిల్లో అన్నిటికంటే చిన్న కార్డుల్లో ఒకటి ఎన్విడియా టీ400. 30 వాట్లు మాత్రమే తీసుకుంటుంది. దానికి విడిగా కరెంటు వైరు కూడా అక్కర్లేదు, మదర్‌బోర్డు స్లాటు నుంచే తీసుకుంటుంది. రెండు మూడు వందల పార్టుల ప్రెస్ టూలుకు అది చాలు. ఐదు వేల పార్టుల అసెంబ్లీలు చేసేవాళ్లకు పెద్దది కావాలి. వాళ్లకు కంపెనీయే కొనిస్తుంది.

ల్యాప్‌టాప్ అమ్మేద్దామని నేనే అన్నాను. వాడు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది, వాళ్ల నాన్నకు చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మూడు నెలలు కూడా నిండని మిషనుకు 72 వేలు వచ్చాయి. 46 వేలు పోయినట్టే. గాజుల మీద వడ్డీ దీనికి అదనం.

ఆ శనివారం ఇద్దరం చిక్కపేట మెట్రో స్టేషన్లో దిగి ఎస్పీ రోడ్డుకు నడిచాం. కంప్యూటరు సామాన్ల కోసం నేను ఆ రోడ్డుకు ఎప్పటినుంచో వెళ్తున్నాను. వరసగా నాలుగు షాపులు ఎక్కాం. నాలుగింట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే, "బజెట్ ఎష్టు మేడమ్?" అని. 90 వేలు అంటే 90 వేలకు, లక్ష అంటే లక్షకు సరిపడా సామాను ఒక కాగితం మీద గబగబా రాసేస్తున్నారు. రంగు లైట్ల ఫ్యాన్లు, పక్కన అద్దం ఉన్న క్యాబినెట్, 30 వేలు దాటిన గేమింగ్ కార్డు. మిగిలిన దాంట్లో లోపలి సామానుకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ ఏవో పేరు తెలియని కంపెనీలవి. ఒకాయన బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తానన్నాడు. కంప్యూటరు సామాను మీద 18 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి వినడానికి ఆశగానే ఉంటుంది. కానీ బిల్లు లేకపోతే మూడేళ్ల వారంటీ ఉన్న ప్రాసెసర్ పాడైతే మనం ఏం చూపిస్తాం?

ఐదో షాపులో పెద్దాయన ఒకరు కూర్చోబెట్టి, ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని పార్టులు, రెండరింగ్ ఉందా అని అడిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మేం అక్కడే కొన్నాం.

రేట్లు అందరికీ పనికొస్తాయి కాబట్టి 2025 జూన్‌లో మేం కట్టినవి రాస్తున్నాను. ప్రాసెసర్ రైజెన్ 5 7600, ఆరు కోర్లు, ఒక్క కోరు మీద 5.1 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, ఫ్యాను డబ్బాలోనే వస్తుంది. దానికి 18 వేలు. బీ650 మదర్‌బోర్డు 12 వేలు. ర్యామ్ 16 జీబీవి రెండు, మొత్తం 32 జీబీ, 8,500. ఒక టెరాబైట్ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 5,500. టీ400 కార్డు 13 వేలు. 550 వాట్ల బ్రాంజ్ రేటింగ్ ఎస్ఎంపీఎస్ 4 వేలు. లైట్లు లేని, ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ 3 వేలు. ఇక్కడికి 64 వేలు. 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ 9 వేలు, కీబోర్డు మౌసు 1,200, 1 కేవీఏ యూపీఎస్ 5,500, విండోస్ లైసెన్సు 9,500. మానిటర్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది, కార్డుకేమో చిన్న డిస్‌ప్లే పోర్టులు, మధ్యలో కన్వర్టర్‌కు 600. అంతా కలిపి 89,800. ల్యాప్‌టాప్ కంటే 28,200 తక్కువ.

విండోస్ లైసెన్సు రాయకపోతే లెక్క ఇంకా చిన్నదిగా కనపడేది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చేదాన్ని ఇక్కడ వదిలేసి పోల్చడం న్యాయం కాదు. యూపీఎస్ కూడా తప్పనిసరి. పీణ్య, దాసరహళ్లి వైపు కరెంటు ఎట్లా ఉంటుందో ఇక్కడుండేవాళ్లకు తెలుసు. మూడు గంటలు చేసిన మోడల్ సేవ్ కాకముందే పోతే ఆ బాధ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకా తగ్గించాలంటే మొదట గ్రాఫిక్స్ కార్డు లేకుండానే మొదలుపెట్టొచ్చు. ఈ ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది. విడి పార్టులు, చిన్న అసెంబ్లీలు నేర్చుకోవడానికి అది సరిపోతుంది. అప్పుడు 76 వేలలో అయిపోతుంది. కార్డు ఏడాది తర్వాత కొనుక్కోవచ్చు. డెస్క్‌టాప్‌లో ఉన్న గొప్ప అదే. ఈ నెల కొంత, వచ్చే ఏడాది కొంత అని పెంచుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్పు చాలకపోతే మొత్తం మార్చుకోవాల్సిందే.

మిషను మా ఇంట్లోనే బిగించాం. వాడి చేత్తోనే బిగించమన్నాను. మొదటిసారి ఆన్ చేస్తే టీ400 పనిచేస్తున్న జాడే లేదు. చూస్తే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు సాకెట్టుకు పెట్టాడు. చాలామంది చేసే పొరపాటు ఇది, కార్డు కొని కార్డును వాడనట్టే అవుతుంది. ర్యామ్ కూడా మొదట తక్కువ వేగంలోనే నడుస్తుంది, బయోస్ అనే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఎక్స్‌పో అనేది ఆన్ చేస్తేనే డబ్బా మీద రాసిన వేగం వస్తుంది. ఇవి రెండూ సరిచేశాక అదే డై, అదే 240 పార్టులు, రీబిల్డ్ 21 సెకన్లు. మూడు గంటల తర్వాత కొట్టినా 21, 22. ఫ్యాను చప్పుడు వినపడటం లేదు. వాడు ఏమీ మాట్లాడలేదు. మళ్లీ ఒకసారి రీబిల్డ్ కొట్టి చూసుకున్నాడు.

నేను 1998లో పనిచేసిన టూల్ రూమ్‌లో మా ఓనరు డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ ఆర్14 సాఫ్ట్‌వేర్ కోసం 32 ఎంబీ ర్యామ్ ఉన్న పెంటియం కొన్నారు. అంతకుముందు చేత్తో గీసే డ్రాఫ్టర్, ట్రేసింగ్ పేపరు, అమ్మోనియా వాసన కొట్టే ప్రింట్లు. ఇప్పుడు మేనల్లుడికి 32 జీబీ వేశాం, అంటే దానికి వెయ్యి రెట్ల పైన. సామాను ఎంత మారినా ఆ రోజుల్లో నాకు పని నేర్పిన సీనియర్ గారి మాట మారలేదు. రాజాజీనగర్‌లో డెన్మార్క్ ప్రభుత్వ సహకారంతో 1972లో మొదలైన గవర్నమెంట్ టూల్ రూమ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ ఉంది కదా, ఆయన అక్కడ చదివారు. రేకు ఏ మెటీరియల్, ఎంత మందం అని తెలియకుండా రేకును కోసే పంచ్‌కూ డైకీ మధ్య క్లియరెన్స్, అంటే వదలాల్సిన ఖాళీ, ఎంతో చెప్పొద్దనేవారు. మైల్డ్ స్టీలుకు ఇచ్చిన క్లియరెన్స్ అల్యూమినియానికి ఇస్తే కోసిన అంచున బర్ అనే గరుకు వస్తుంది, టూలు పోతుంది. డిజైన్ నేర్పే సెంటర్లే విద్యార్థి చేయబోయే పని చూడకుండా మిషను పేరు రాసివ్వడం చూస్తే అందుకే నాకు అంత కోపం వచ్చింది.

పాత మిషన్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో అవి చాలా దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు లీజు ముగిశాక వర్క్‌స్టేషన్లను గుంపుగా వదిలించుకుంటాయి. 2021లో మా ఆఫీసుకు హెచ్‌పీ జెడ్440 ఒకటి 38 వేలకు తెచ్చాను. జియాన్ ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, క్వాడ్రో కార్డు. నాలుగేళ్లు ఒక్క రోజు ఆగకుండా పనిచేసింది. దానిలాంటి గట్టి ఇనుప కట్టు ఇప్పటి క్యాబినెట్లలో లేదు. కానీ ఇప్పుడు అదే కొనమని నేను ఎవరికీ చెప్పను. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సపోర్టు ముగిసింది. విండోస్ 11కేమో ఆ కాలం నాటి జియాన్లు అధికారిక జాబితాలో లేవు. మా జెడ్440ని ఇంటర్నెట్ తీసేసి పాత డ్రాయింగులు తెరవడానికి మాత్రం ఉంచుకున్నాం. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదే అడగాలి. 25 వేలకే జియాన్ వర్క్‌స్టేషన్ అంటే ఎగబడొద్దు, ముందు మోడల్ నంబరు అడగండి.

ర్యామ్ విషయంలో మాకు కాలం కలిసొచ్చింది. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. మేం 8,500కు కొన్న జత ఇప్పుడు రెండింతలు దాటింది. ఈ సంవత్సరం కొనేవాళ్లకు నా సలహా 16 జీబీ ఒక్క స్టిక్కుతో మొదలుపెట్టమని. పైన ఒక్క స్టిక్కు లోపమన్నాను, నిజమే, కొంచెం నెమ్మదిగా ఉంటుంది. కానీ డెస్క్‌టాప్‌లో పక్కన స్లాటు ఖాళీగా ఉంటుంది, ధర దిగాక రెండోది వేసుకోవచ్చు. ర్యామ్ ధర పెరిగింది కదా అని ఎస్ఎంపీఎస్ చవకది వేయొద్దు. అది పోతూ పోతూ మిగతావాటినీ తీసుకుపోతుంది.

ల్యాప్‌టాపే కావాల్సిన పిల్లలు ఉన్నారని నాకు తెలుసు. పీజీ హాస్టల్లో ముగ్గురు ఒక గదిలో ఉంటే టేబులు వేసే చోటు ఉండదు. రోజూ క్లాసుకు మోసుకెళ్లమంటే డెస్క్‌టాప్ కుదరదు. అలాంటివాళ్లు కూడా గేమింగ్ పేరు చూసి లక్ష దాటనక్కర్లేదు. లావుగా ఉన్నా గాలి బాగా ఆడేది, ర్యామ్ స్లాట్లు రెండు ఉన్నది చూసుకుని, ఎక్కువసేపు పట్టే పని సెంటర్ ల్యాబులో చేసుకోవచ్చు. అయితే ల్యాబు తెరిచి ఉండాలి కదా. మా మేనల్లుడి సెంటర్లో ల్యాబు క్లాసు గంటకే తెరిచి క్లాసు అవగానే తాళం వేస్తారు. పిల్లలు కట్టిన ఫీజులోనే ఆ మిషన్లు ఉన్నాయి. సాయంత్రం మూడు గంటలు తెరిచి పెడితే సగంమందికి సొంత మిషను కొనే తొందరే ఉండదు.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. లైసెన్సు లేని క్రాక్ కాపీలు వేసిచ్చే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలకు వాటి అవసరం లేదు. ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్లు విద్యార్థులకు ఉచితంగా ఇస్తుంది. సాలిడ్‌వర్క్స్‌కు విద్యార్థుల వెర్షన్ తక్కువ ధరకు ఉంది. ఫ్రీక్యాడ్ అయితే ఎవరికైనా ఎప్పటికీ ఉచితమే. 2024 నవంబరులో దాని 1.0 వెర్షన్ వచ్చింది. పైన ఒక ఫీచర్‌లో చిన్న మార్పు చేస్తే కింద మోడలంతా విరిగిపోయే పాత జబ్బు అందులో చాలావరకు తగ్గింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక డ్రిల్ జిగ్గు మొత్తం దాంట్లోనే చేసి వర్క్‌షాపుకు డ్రాయింగు పంపింది. జిగ్గు సరిగ్గా కూర్చుంది.

డబ్బు సంగతి తల్లిదండ్రులకు తెలియనిది ఇంకొకటుంది. కాలేజీ చదువుకు బ్యాంకులిచ్చే విద్యారుణంలో, కోర్సు పూర్తిచేయడానికి అవసరమైతే కంప్యూటరు ఖరీదు కూడా కలుపుకోవచ్చు. బ్యాంకుల సంఘం తయారుచేసిన మాదిరి పథకంలోనే ఆ మాట ఉంది. రుణం తీసుకుంటూనే కంప్యూటరు కోసం విడిగా గాజులు తాకట్టు పెట్టే కుటుంబాలను నేను చూశాను. చదువైపోయి ఇంట్లోనే డ్రాయింగుల జాబ్ వర్క్ మొదలుపెట్టాలనుకునే పిల్లలకు ముద్రా రుణాల్లో కిశోర్ అనే తరగతి కింద 50 వేల పైన 5 లక్షల దాకా అడిగే వీలుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే కట్టిన 18 శాతాన్ని తమ బిల్లుల్లో సర్దుబాటు చేసుకోవచ్చు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. డిజైన్ కోర్సు చెప్పే ప్రతి కాలేజీ, ప్రతి సెంటర్ చేరే రోజున ఇచ్చే కాగితంలో షాపు పేరు తీసేసి, నేర్పే సాఫ్ట్‌వేర్ పేరు, ఏ సంవత్సరం వెర్షన్, దానికి కనీసం ఎంత ర్యామ్, ఏ రకం ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు మొదటి ఏడాదే కావాలా తర్వాతా అన్నవి రాయాలి. ల్యాబు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కూడా రాయాలి. మీ పత్రిక ఏటా మే, జూన్ నెలల్లో చదువుల పేజీలో ఒక్క రోజు ఈ సంగతులకు చోటివ్వాలి. తెలుగులో, ఊళ్లో ఉండే తండ్రికి అర్థమయ్యే మాటల్లో, ఆ నెల రేట్లతో వేయాలి. ఎస్పీ రోడ్డులో తిరిగి ఆ రేట్లు రాసుకొచ్చే పని నాకు అప్పగించినా సంతోషంగా చేస్తాను.

నిన్న రాత్రి మా పల్లె నుంచి మా అన్న స్నేహితుడు ఫోన్ చేశాడు. ఆయన కూతురు ఈ నెలలో ఇక్కడ వేరే సెంటర్లో చేరుతోంది. వాళ్లకూ ఒక కాగితం ఇచ్చారట, 1,25,000 అని ఉందట. "ఆదివారం దాకా కొనొద్దన్నా, నేను అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్తాను. ముందు ఆ కాగితం ఫొటో తీసి పంపించు" అన్నాను. పంపించాడు. మోడల్ నంబరుంది, షాపు పేరుంది, ఫోన్ నంబరుంది. కోర్సులో నేర్పే సాఫ్ట్‌వేర్ ఏమిటో మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక టూల్ డిజైనర్,
పీణ్య రెండో స్టేజి, బెంగళూరు